తెర మీది వాన

చౌడేశ్వరి ధర్మవరంలో మగ్గం నేసే ఇంట పుట్టింది. చదువుకుని సోషల్ టీచరైంది. గార్లదిన్నె మండలంలోని ఒక పల్లె హైస్కూలుకు రోజూ అనంతపురం నుంచి బస్సులో వచ్చి పోయేది. భర్త సురేంద్ర ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కు. పాఠం చెప్పడానికి ఆమె ఎప్పుడూ బెదరలేదు. చాక్‌పీసు ఎత్తకుండా బోర్డు మీద ఒకే గీతలో భారతదేశం పటం వేసేది. కచ్ దగ్గర మొదలుపెట్టిన గీత కన్యాకుమారి చుట్టి, బెంగాల్ దాటి, కాశ్మీరం మీదుగా మళ్లీ కచ్‌లోనే కలిసేది. అంతసేపూ తరగతిలో చప్పుడుండేది కాదు.

రెండువేల ఎనిమిదిలో ఆ బడికి కంప్యూటర్లు వచ్చాయి. వాటి కోసం ఒక గదికి సున్నం కొట్టించి, నేల మీద నీలం తివాచీ పరిచారు. పిల్లలకు నేర్పడానికి కాంట్రాక్టు మీద అనీసా అనే అమ్మాయిని వేశారు. టీచర్లెవరూ ఆ గదిలో అడుగు పెట్టలేదు. చెప్పులు బయట విడవాలి, దుమ్ము పడకూడదు, అది అనీసా పని అని ఎవరి మాట వాళ్లు చెప్పేవాళ్లు. అసలు సంగతి భయం. చౌడేశ్వరికి అందరికంటే ఎక్కువ భయం.

మరుసటి ఏడాది ఎండాకాలం సెలవులకు ముందు టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్టు కూడా వచ్చింది. బడి తెరిచినప్పటి నుంచి ప్రతి సబ్జెక్టు టీచరూ వారానికొక పీరియడు ఆ గదిలోనే, ఇంటర్నెట్టులో చూపిస్తూ చెప్పాలని, జిల్లా నుంచి అధికారులు వచ్చి చూస్తారని హెడ్మాస్టరు కొండప్ప స్టాఫు మీటింగులో చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులోనూ ధైర్యం లేదు.

ఆ రోజు నుంచి చౌడేశ్వరికి అన్నం సయించలేదు. బడి వదిలాక అనీసా దగ్గర కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టింది. మౌసు పట్టుకుంటే అరచేయి చెమటతో తడిసిపోయేది. తెర మీది బాణం ఆమె చెప్పిన చోటికి తప్ప అన్ని చోట్లకూ పోయేది. రెండుసార్లు టకటక నొక్కమంటే మొదటిసారి నొక్కి, ఏమైందోనని ఆగి, తర్వాత రెండోసారి నొక్కేది. ఒకసారి ఉన్నట్టుండి తెర నల్లబడింది. తనే ఏదో పాడు చేసిందనుకుని లేచి నిలబడింది. పైన ఫ్యాను కూడా ఆగిందని అనీసా చూపిస్తే గానీ కరెంటు పోయిందని ఆమెకు అర్థం కాలేదు.

మీరేం చేసినా అది పాడైపోదు మేడమ్ అని అనీసా రోజూ చెప్పేది. చౌడేశ్వరి తలాడించేది గానీ నమ్మేది కాదు. ఇంట్లో చపాతీలు చేసే బల్ల మీద సబ్బుపెట్టె పెట్టి, దాన్ని మౌసులా అటూ ఇటూ జరిపేది. సురేంద్ర చూసి నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

జూన్ వచ్చేసరికి కొంత చేయి తిరిగింది. అడ్రసు కొట్టి పేజీ తెరవడం, బొమ్మ పెద్దది చేయడం, వెనక్కి రావడం వచ్చాయి. తొమ్మిదో తరగతికి నైరుతి రుతుపవనాల పాఠం ఆమెకు కలిసొచ్చింది. ఉపగ్రహం తీసిన మేఘాల బొమ్మలు ఇంటర్నెట్టులో దొరుకుతాయని అనీసా చెప్పింది. ఒక మంగళవారం పిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం వెతికి కొట్టి ఆ పేజీ తెరిచింది. అరేబియా సముద్రం మీద తెల్లటి మబ్బు పొర విప్పుకుని ఉంది. కేరళ ఎక్కడ, కనుమలు ఎక్కడ, ఆ కనుమలకు ఈవల మబ్బు ఎందుకు పలచబడిపోతుంది, మన అనంతపురం ఆ చాటున ఎట్లా పడింది, అన్నీ వేలు పెట్టి చూపించింది. ఇన్నేళ్లూ బోర్డు మీద బాణం గుర్తులతో చెప్పిన పాఠం తెర మీద నిజంగా కదులుతుంటే ఆమెకే ఒళ్లు పులకరించింది.

ఆ ఉత్సాహంలో ఇంకో పేజీ కూడా తెరిచింది. అందులో ఊరి పేరు కొడితే రానున్న రోజుల వాతావరణం చిన్న చిన్న బొమ్మల్లో కనిపిస్తుంది. అనంతపురం అని కొట్టింది. బుధవారం దగ్గర సూర్యుడు, గురువారం దగ్గర నల్లటి మబ్బు, దాని కింద మూడు చినుకులు. ముందు వరసలో కూర్చున్న హేమలత ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని గురువారం వాన అని పైకి చదివింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజంగా వస్తాదా మేడమ్ అని ఎవరో అడిగారు.

"ఉపగ్రహం పైనుంచి చూసి చెప్తాండాది గదా, వస్తాది" అని చౌడేశ్వరి అంది.

అంతకుముందు వారం అక్కడ ఒక వాన పడింది. నేల పైపైన తడిసింది. విత్తనం వేయడానికి చాలీచాలని పదును. ఇంకొక్క వాన వెంటనే పడుతుందంటే వేరుశెనగ వేసుకోవచ్చు. పడదంటే వేయకూడదు, విత్తనం మట్టిలోనే మాడిపోతుంది. మండల కేంద్రంలో వరసలో నిలబడి తెచ్చుకున్న విత్తనం సంచులు ఇళ్లలో పెట్టుకుని, ఊరంతా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. పిల్లలు ఇళ్లకు తీసుకుపోయిన మాట ఆ ఇళ్లలో పడింది.

బుధవారం పొద్దున బస్సు కిటికీలోంచి చౌడేశ్వరికి రోడ్డు పక్క చేలల్లో విత్తే గొర్రు లాగుతున్న ఎద్దులు కనిపించాయి. గొర్రు వెనక ఆడవాళ్లు కొంగుల్లోంచి విత్తనం తీసి వదులుతూ నడుస్తున్నారు. ఎన్నాళ్లకు కనిపించింది ఈ దృశ్యం అనుకుంది. పక్క సీట్లో ఆ ఊరి యేసన్న ఉన్నాడు, కూలి పనులకు తిరిగే మనిషి, తెల్లారే మండల కేంద్రానికి పోయి తిరిగొస్తున్నాడు. అప్పుడే వేస్తాండారే అని ఆమె మామూలుగా అంది.

"మీ ఇస్కూల్లో కంప్యూటర్ చెప్పిందంట కదా మేడమ్, రేపు వాన వస్తాదని" అన్నాడు యేసన్న. "కుళ్లాయప్ప తెల్లారుతానే గొర్రు కట్టినాడు. ఆయప్పను జూసి ఇంకా ఇద్దరు."

కుళ్లాయప్ప హేమలత తండ్రి. వర్షం మీద తప్ప ఇంకే నీళ్ల మీదా ఆధారం లేని మెట్ట చేను ఆయనది. చౌడేశ్వరి బస్సు దిగి స్టాఫు రూముకు కూడా పోకుండా నేరుగా కంప్యూటరు గదికి పోయింది. చెప్పులు విడవడం మరిచిపోయింది. అనీసా పేజీ తెరిచింది.

గురువారం దగ్గర చినుకులు లేవు. తెల్ల మబ్బు చాటున సూర్యుడి బొమ్మ ఉంది.

ఇది వేరే ఊరిది కాదు కదా అని చౌడేశ్వరి అడిగింది. కాదు మేడమ్, అనంతపురమే అని అనీసా చెప్పింది. ఇది పూట పూటకూ మారుతుందని, నిన్న చూపించింది ఈ రోజు ఉండదని, పైనుంచి చూసి లెక్కగట్టే అంచనానే తప్ప మాట ఇచ్చినట్టు కాదని వివరించింది. మరి నాకెందుకు చెప్పలేదని చౌడేశ్వరి అడిగింది. మీరు పిల్లలకు మబ్బులు చూపిస్తానన్నారు, ఇంటికి పోయి విత్తనం వేస్తారని నేను అనుకోలేదని అనీసా మెల్లగా అంది.

పుస్తకంలో అచ్చయిన మాట రేపటికి మారదు. తెర మీది మాటనూ చౌడేశ్వరి అట్లాగే అనుకుంది. మౌసుకూ మీటలకూ భయపడిందే గానీ, భయపడాల్సింది అక్కడ కాదని అప్పుడు తెలిసింది.

హెడ్మాస్టరు దగ్గరికి పోయి జరిగింది చెప్పింది. కొండప్ప కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అధికారులు శనివారమే వస్తున్నారని కబురు అందింది. ఊళ్లో ఇప్పుడు ఈ మాట లేపితే తల్లిదండ్రులు బడి మీదికి వస్తారని, ఆ గదికి తాళం పడుతుందని ఆయన భయం. ఆయన చెడ్డవాడు కాదు. రేపు వాన పడినా పడొచ్చు కదమ్మా, రెండు రోజులు ఓపిక పట్టండి అన్నాడు. ఆమె సరేనని బయటికి వచ్చింది.

మధ్యాహ్నం టిఫిన్ క్యారియరు మూత తీసి, మళ్లీ పెట్టేసింది. తొమ్మిదో తరగతికి పోయి, వాన సంగతి ఇంట్లో ఎవరెవరు చెప్పారని అడిగింది. దాదాపు అన్ని చేతులూ లేచాయి. విత్తనం వేసిందెవరంటే హేమలత చేయి, ఇంకో రెండు చేతులు. రేపు వేసేదెవరంటే చాలా చేతులు లేచాయి. బయ్యన్న కూతురు మా నాయన ఈ పొద్దే గొర్రు బాగుచేయించుకొచ్చినాడు మేడమ్ అని సంతోషంగా చెప్పింది.

నేను తప్పు చెప్పినాను, ఆ బొమ్మ మారిపోయింది, అది ఖాయం కాదు, ఇంటికి పోయి చెప్పండి అని చౌడేశ్వరి పిల్లలతో అంది. హేమలత తల వంచుకుంది. నిన్న చప్పట్లతో పోయిన మాటంత వేగంగా ఈ మాట పోదని చౌడేశ్వరికి తెలుస్తూనే ఉంది. చివరి గంట కొట్టాక అనంతపురం బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు. హెడ్మాస్టరు గది ముందు నుంచి కాకుండా వెనక గోడ పక్కనుంచి బయటికి వచ్చింది. నేనూ వస్తా మేడమ్ అని అనీసా తోడు నడిచింది.

కుళ్లాయప్ప చేను ఊరికి పడమటి పక్క. అప్పుడే ఎద్దుల మెడల మీద నుంచి కాడి దించుతున్నాడు. పక్క చేను బయ్యన్నది. అతను గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. కుళ్లాయప్ప తల్లి నల్లమ్మ ఖాళీ అయిన విత్తనం సంచి దులిపి మడత పెడుతోంది. టీచరమ్మ చేలోకి రావడం చూసి ముగ్గురూ లేచారు. హేమలత ఏమైనా తప్పు చేసిందేమోనని నల్లమ్మ కంగారు పడింది.

చౌడేశ్వరి దారిలో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "అన్నా, నిన్న నేను పిల్లలకు చెప్పిన వాన మాట ఈ పొద్దు మారిపోయింది" అంది. "అది అంచనా అంట. నాకు తెలీక ఖాయమని చెప్పినా."

కుళ్లాయప్ప కాడి నేల మీద పెట్టి విత్తిన చాళ్ల వైపు తిరిగాడు. బయ్యన్న ముందు మాట్లాడాడు.

"అయితే రేపు నన్ను విత్తనం వేయొద్దంటావా మేడమ్?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. వద్దు అని, రేపు వాన పడితే, విత్తినవాళ్లకు మొలకనిచ్చే ఆ వాన అతని ఖాళీ చేలో వృథా పోతుంది. వేయమంటే, పడకపోతే, కుళ్లాయప్ప పక్కన నష్టపోయేవాడు ఇంకొకడు. "వేయమనీ అనను, వద్దనీ అనను" అంది. "నిన్న తెలీక చెప్పినా. ఈ పొద్దు తెలిసింది చెప్తాండా. అంతకు మించి నాకు తెలీదన్నా."

బయ్యన్నకు కోపం వచ్చింది. నిన్న అట్లా, ఈ పొద్దు ఇట్లా, రేపు ఇంకెట్లానో అని బీడీ నేలకేసి నలిపాడు. అనీసా కలగజేసుకుని ఆ అంచనా ఎట్లా తయారవుతుందో చెప్పబోయింది గానీ అతను వినలేదు. నల్లమ్మ మాత్రం ఎండలో నడిచొచ్చినారు, నీళ్లు తాగండి అని చెంబు అందించింది. చౌడేశ్వరి తాగి చెంబు తిరిగిచ్చింది.

వాళ్లు తిరిగి బయలుదేరుతుంటే కుళ్లాయప్ప పలికాడు. "నేను విత్తింది పదును జూసి మేడమ్. నీ మాట జూసి కాదు. కాకపోతే ఎటూ తోచక కూర్చోనుంటి, ఆ మాట నన్ను లేపింది. అంతే."

ఆ మాటలో నింద ఉందో, ఊరట ఉందో ఆమెకు తెలియలేదు. బస్సులో కూర్చున్నా, ఇంట్లో అడుగు పెట్టినా అదే మాట చెవుల్లో తిరిగింది. సురేంద్ర విని, నువ్వు పోయి చెప్పింది మేలే అన్నాడు. ఆమెకు అట్లా అనిపించలేదు. చెప్పకుండా ఉంటే ఒకే భయం. చెప్పిన తర్వాత రెండు భయాలు.

గురువారం బయ్యన్న విత్తనం వేయలేదు. అతన్ని చూసి ఇంకా కొందరు ఆగారు. ఆ సంగతి పిల్లలు చెప్పారు. మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు లేచింది. చూస్తుండగానే నల్లబడింది. వరండాలో పిల్లలు కేకలు వేశారు. చౌడేశ్వరి పదో తరగతిలో పాఠం చెబుతూ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. వాన పడితే కుళ్లాయప్ప చేను మొలుస్తుంది. వాన పడితే బయ్యన్న మోసపోతాడు, అదీ తన మాటకే. ఏం కోరుకోవాలో ఆమెకు తెలియలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ సీమలో మబ్బును చూసి వాన రావాలని తప్ప ఇంకోటి అనుకోలేదు. ఆ రోజు మాత్రం ఆ మాట అనుకోలేకపోయింది.

ఆషాఢం ముందు వచ్చే గాలి లేచింది. దుమ్ము రేగి గదుల్లోకి వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి, ఇసుక మీద మచ్చల్లా. గాలి మబ్బునంతా తూర్పుకు తోసుకుపోయింది. ఎండ మళ్లీ కాసింది.

చౌడేశ్వరికి ఒక్క క్షణం ఊపిరి తిరిగింది. ఊపిరి తిరిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆవరణలో నీళ్ల కుళాయి దగ్గర హేమలత ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉంది.

శనివారం అధికారులు వచ్చారు. నదుల పాఠం చెప్పండి, వాతావరణం జోలికి పోవద్దండి అని కొండప్ప పొద్దున్నే బతిమాలాడు. ఆమె సరేనంది. కంప్యూటరు ముందు నిలబడ్డాక చేయి తనంతట తానే ఆ పేజీ వైపు పోయింది. సోమవారం దగ్గర చినుకుల బొమ్మ ఉంది. దీన్ని బట్టి మనం ఏం చెప్పగలం అని తరగతిని అడిగింది. హేమలత లేచి, వాన రావచ్చు, రాకపోవచ్చు, రేపు మళ్లీ చూడాలి అని చెప్పి కూర్చుంది. వెనక కొండప్ప రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అధికారి కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని పని చేస్తున్నాయో రాసుకుని, తివాచీ శుభ్రంగా ఉంచారని మెచ్చుకుని జీపెక్కాడు. వారాలుగా ఆమె భయపడిన తనిఖీ అట్లా అయిపోయింది. అది ఇప్పుడు ఆమెకు లెక్కలోకే రాలేదు.

ఆ జూన్ ఎండలోనే పోయింది. కుళ్లాయప్ప చేలో అక్కడొక మొలక, ఇక్కడొక మొలక లేచింది. జూలైలో వాటినీ దున్నేశాడు. బయ్యన్న జూలై నెల చివర ఇంకో పదునుకు వేరుశెనగ వేశాడు. అతనిదైనా గొప్పగా ఏమీ కాలేదు. తీరా వానలు ఆగస్టు ఆఖరులో వచ్చాయి. పీకి చూస్తే పశువులు తినే కట్టె ఎక్కువ, కాయ తక్కువ. కుళ్లాయప్ప ఆ ఆలస్యం వానకు ఉలవలు చల్లి, ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోయాడు. హేమలత కొన్నాళ్లు బడికి రాలేదు. ఇక రాదేమోనని చౌడేశ్వరి హాజరు పిలిచిన ప్రతిసారీ ఆ పేరు రెండుసార్లు పిలిచేది. నల్లమ్మకు జ్వరమని, తగ్గగానే వస్తుందని యేసన్న చెప్పాడు. తర్వాత వచ్చింది. కుళ్లాయప్ప పోయిన ఏడు కూడా బెంగళూరు పోయినాడు గదా, అన్నీ నీ మీదేసుకుంటావెందుకని సురేంద్ర అనేవాడు. ఆ మాట నిజమే. అయినా రోడ్డు మీద బెంగళూరు బస్సు ఎదురైతే ఆమె తల తిప్పుకునేది.

ఇంటర్నెట్టు పాఠం మానేయాలని చౌడేశ్వరి చాలాసార్లు అనుకుంది. మానితే పిల్లలకు మిగిలేది ఆ చప్పట్ల రోజొక్కటే అని ఆగింది. అనీసాతో కూర్చుని కొత్త పద్ధతి పెట్టుకుంది. సోమవారం పిల్లలే రెండు మూడు పేజీలు తెరుస్తారు. ఏ పేజీ ఏం చెప్పిందో బోర్డు మీద ఒక పక్క రాస్తారు. శనివారం నిజంగా ఏమైందో రెండో పక్క రాస్తారు. ఒకదానితో ఒకటి సరిపోయిన వారాలున్నాయి, ఏ ఒక్కటీ కుదరని వారాలున్నాయి. దగ్గరి రోజులది కొంచెం నమ్మొచ్చని, దూరం పోయేకొద్దీ నమ్మకూడదని పిల్లలే తేల్చారు. ఇంటికి చెప్పేటప్పుడు బోర్డు రెండు పక్కలా ఉన్నది చెప్పాలని ఆమె నియమం. ఈ పద్ధతినే మెయిల్లో రాసి కొత్తచెరువు వైపు బడిలో పని చేసే స్నేహితురాలికి పంపింది. పంపే మీట నొక్కే ముందు ఎప్పటిలాగే తటపటాయించింది.

మరుసటి ఏడు జూన్‌లో ఒక మధ్యాహ్నం కుళ్లాయప్ప బడికి వచ్చాడు. గది బయట చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికొచ్చాడు. అతని వెనక బయ్యన్న, గడప దగ్గరే నిలబడ్డాడు. ముందటి రోజు ఒక వాన పడింది. చౌడేశ్వరికి అర్థమైంది. అడగకుండానే కుర్చీ చూపించి, పేజీలు ఒక్కొక్కటీ తెరిచి, ఏది ఏమంటోందో చెప్పింది. రెండు వాన అంటున్నాయి, ఒకటి లేదంటోంది. పోయిన నెలలో ఇవి ఎన్నిసార్లు తప్పాయో కూడా చెప్పింది. ఇప్పుడు మౌసు ఆమె చెప్పినట్టు వింది.

కుళ్లాయప్ప తెర వైపు ఓపిగ్గా చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"నీకే చేనుంటే ఏం చేస్తావ్ మేడమ్?"

చౌడేశ్వరి ఆలోచించింది. "భయపడతానన్నా" అంది. "భయపడతానే ఏదో ఒకటి చేస్తా."

"మేమూ అంతే మేడమ్" అన్నాడు కుళ్లాయప్ప.

అతను లేచి బయ్యన్నతో ఏదో మాట్లాడుతూ గేటు దాటాడు. ఏం నిర్ణయించుకున్నారో ఆమె అడగలేదు. తర్వాతి పీరియడు ఎనిమిదో తరగతి వాళ్లది. పిల్లలు అప్పటికే వరండాలో వరస కట్టి నిలబడి ఉన్నారు.